చంద్రి ఒప్పుకుంటేనే చదువు

“సచ్చిన కప్పలను కోసుడు నాతోని కాదు బాపూ. బతికున్నయాటితోనే పని చేస్త.”

“సచ్చినయి తన్నయి, కరవయి, పేడ ఎయ్యయి. ఇంకేం గావాలె నీకు?”

“బీఎస్సీ జువాలజీ తీసుకుంటె మళ్ల గవే కప్పలు, గవే బొద్దింకలు. పశువుల డాక్టరు కోర్సుల బర్రెలుంటయి, ఎడ్లుంటయి, మేకలుంటయి.”

“బర్రె మనింట్లనే ఉన్నది గదనే! దానికోసం హైదరాబాద్ దాంక పోవుడెందుకు? పొద్దుగాల కొట్టంల బర్రెను సూడు, బస్సెక్కి హనుమకొండల కప్పను సూడు, మాపటికి మళ్లొచ్చి బర్రెను సూడు. బీఎస్సీ అయినంక బీఈడీ చెయ్యి, పంతులమ్మవు గా. ఎవలన్న వద్దన్నరా?”

“కప్ప గుండెకు మూడు గదులుంటయని రెండేండ్లు సదివిన. మన చంద్రి కడుపుల ఎన్ని గదులున్నయో ఆ పుస్తకంల లేదు. నేను సదువాల్సింది అది.”

“చంద్రి కడుపు సంగతి చంద్రి సూసుకుంటది. నీ కడుపు సంగతి నువ్వు సూసుకో. కూసొని తిను.”

ఒకవైపు మా మామ, ఇంకోవైపు మా ఆడబిడ్డ విమల. మట్టెవాడలో మా ఇంటి వసారాలో, కంచాల ముందర కూర్చొని పడిన తగాదా అది. తెల్లవారితే విమల పొద్దుటి బస్సుకు హైదరాబాద్ పోవాలి. పశువైద్య కళాశాలలో సీటు కోసం మధ్యాహ్నం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. పోకపోతే ఆ సీటు ఇంకొకరిది. మామ పోనియ్యనంటున్నాడు. అత్తమ్మ అన్నం గంటె చేతిలో పట్టుకొని, ఎవరికీ వడ్డించకుండా నిలబడి, “పిల్లను సూడ వచ్చినోళ్లకు ఏం జెప్పాలె? మా బిడ్డ బర్రె కడుపుల మోచేతి దాంక చెయ్యి వెడ్తదని జెప్పాలెనా? అదే చేతితోని వాళ్లకు చాయ ఇప్పియ్యాలెనా?” అంటున్నది. మా ఆయన సంగతి సరేసరి. ఇంట్లో గొంతులు పెరిగాయంటే ఆయనకు సైకిల్ చక్రంలో గాలి తగ్గినట్టు తోచేది. అప్పుడూ పంపు తీసుకొని వీధిలోకి పోయాడు. టస్సు టస్సుమని గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇక నేను. అన్నం చల్లారుతున్నది, మళ్లీ పొయ్యి రాజేస్తే కట్టెలు దండుగ అన్నది అప్పటికి నాకున్న బాధ.

ఈ సంగతి ఇన్నేళ్లకు యాదికి రావడానికి కారణం మా మనుమరాలు శ్రావ్య. ఇంటర్ అయిపోవచ్చింది. సెలవులకు వచ్చి, నా మంచంలో నా బొంత మీదే బోర్లా పడుకొని ఫోన్‌లో వేలు జరుపుతూ, “నానమ్మా, నాకు యానిమల్స్‌తోని పని చేసే కోర్సు గావాలె. ఇందుల మస్తున్నయి. వెటర్నరీ అంట, డెయిరీ అంట, ఫిషరీస్ అంట, వైల్డ్‌లైఫ్ అంట. ఏది తీసుకుంటె మంచిగుంటది?” అంది. అడిగింది నన్ను, చూపు మాత్రం ఫోన్ మీదే. ఫోన్ ఒకసారి ఒకటి మంచిదంటుంది, వేలు జరిపితే ఇంకొకటి మంచిదంటుంది. ఏదీ తేలక, బొంతలో ఒక చిలకపచ్చ ముక్కను గోటితో గీకుతూ, “ఇది ఎవరిదే, ఇంత మెత్తగున్నది?” అంది. నా బొంతలో ప్రతి ముక్కకూ మనిషి ఉంటాడు. చిరిగిన గుడ్డను పారేయడం నా ఇంట్లో లేదు. “మీ విమల నానమ్మ ఓణి” అన్నాను. అన్నాక ఆ రోజంతా చేతికి పని తోచలేదు. ఇప్పుడు పిల్లలు ఏం చదవాలో ఫోన్‌ను అడుగుతున్నారు. మా ఇంట్లో బర్రెను అడిగారు. ఏది నయమో నాకు తెలియదు గాని, బర్రె మాత్రం గంటకొక మాట మార్చలేదు.

నేను పుట్టింది వర్ధన్నపేట అవతల పల్లెలో. చదివింది మూడో తరగతి. తమ్ముడు పుట్టాడు, ఉయ్యాల ఊపడానికి ఒకరు కావాల్సి వచ్చింది, నా పలక అటక మీదికి పోయింది. తర్వాత చదివిందంతా కిరాణా కొట్టు పొట్లాల కాగితాలే. చక్కెర పొట్లం విప్పితే ఆ కాగితం ముందు చదివేదాన్ని, తర్వాత మడిచి పొయ్యి రాజేయడానికి దాచేదాన్ని. సగం కథలే చదివాను, మిగతా సగం ఇంకెవరి ఇంట్లో ఏ పప్పు చుట్టుకొని పోయిందో. అందుకని ఇప్పుడు నేను రాస్తుంటే గుణింతాలు శ్రావ్య దిద్దుతుంది. మాటలను మాత్రం ముట్టుకోనివ్వను.

మట్టెవాడ ఇంటికి కోడలిగా వచ్చేసరికి నాకు ఊరి వాసన పోయిందనుకున్నాను. పోలేదు. వాకిలి దాటగానే చిట్టు, నానిన పల్లిచెక్క, ఎండుగడ్డి, పేడ, ఆ వెనకనే కాగుతున్న పాల వాసన. ఇల్లు బజారుకు దగ్గర, కొట్టం ఇంటికి దగ్గర, మామ మంచం కొట్టానికి దగ్గర. నడుమ ఒక తడిక అంతే. ఆ ఇంట్లో ఏదీ వృథా పోయేది కాదు, ఆ ఒక్క సంగతికే నేను అత్తమ్మను మెచ్చుకుంటాను. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, కంచాలు కడిగిన మొదటి నీళ్లు అన్నీ కొట్టం ముందరి కుడితి గోలెంలోకే. అత్తమ్మ ఆ గోలెంలోకి రోజూ ఒకసారి తొంగిచూసేది. చూసి ఎవరు ఏం వదిలేశారో చెప్పేది. “ఎవలే బెండకాయ ముచ్చికలు గింత పెద్దగ కోసింది?” అని కేక వస్తే అది నాకే. మెల్లగా నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ఆమె ముచ్చికల కంటే నా ముచ్చికలు చిన్నవయ్యాయి. అప్పటినుంచి నా మీద కేకలు తగ్గాయి.

మామ ధాన్యం మార్కెట్‌లో దడువాయి. కాంటా వేసి బస్తాలు తూకం చేసే మనిషి. పొద్దున తెల్లని ధోవతి, తెల్లని రుమాలుతో పోయేవాడు, మాపటికి ఒళ్లంతా దుమ్ముతో వచ్చేవాడు. కనుబొమ్మల మీద, మీసాల మీద కూడా వడ్ల నూగు. తూకం వేసేటప్పుడు దడువాయిలు ఒకటి అనరు. మొదటి తూకం ‘లాభం’. తర్వాత రెండు, మూడు. ఒక్కో అంకెను చివర సాగదీసి రాగం తీసేవారు, పక్క కాంటా అంకెతో కలిసిపోకుండా ఉండడానికి. ఆ రాగం ఇంట్లోకి కూడా వచ్చింది. మా ఇంట్లో రొట్టెలు లెక్కపెట్టినా, పిడకలు లెక్కపెట్టినా, పెళ్లికి వచ్చిన చుట్టాలను లెక్కపెట్టినా లాభంతోనే మొదలు. ఇంకొక అలవాటు. మామ కంచంలో ఒక్క మెతుకు మిగలదు. “గింజను తూకం ఏసెటోడు గింజను పారేస్తడా?” అనేవాడు. ఆయన లేచాక కంచం కడగాలా వద్దా అని చూసుకోవాల్సి వచ్చేది.

మార్కెట్ ఏడాదంతా నడవదు. పంట వచ్చే నెలల్లో ఊపిరి సలపదు, తర్వాత ఎండాకాలం దాటేదాకా ఇంటికి ఆసరా చంద్రి పాలే. చంద్రి మా బర్రె. నుదుటి మీద అరచేయంత తెల్లమచ్చ ఉండేది. మంచి పాలు, చెడ్డ కోపం. వానాకాలంలో దాని పాలు తాగే దుడ్డె జబ్బు చేసి చచ్చిపోయింది. దుడ్డె పోతే బర్రె పాలు ఎగబట్టుకుంటుంది, చేపదు. పొదుగు నిండా పాలున్నా చుక్క రాలదు. అత్తమ్మ కూర్చుంటే తన్నింది. నేను కూర్చుంటే తన్నింది, పైగా నా వైపు తిరిగి చూసి మరీ తన్నింది. దుడ్డె తోలులో గడ్డి కూరి ముందర నిలబెడదామని మామ అన్నాడు. అప్పట్లో చాలామంది చేసే పనే. విమల ఒప్పుకోలేదు. “దాన్ని మోసం జేసుడెందుకు బాపూ” అని చంద్రి మెడ కింద గోకుతూ కూర్చుంది. గోకుతూ చేతిలో ఉన్న పుస్తకంలో పాఠం పైకి చదువుకుంటూ ఉండిపోయింది. మూడు నెలల పరీక్షలు దగ్గర పడ్డాయి మరి. కొంతసేపటికి చంద్రి నెమరు వేయడం మొదలుపెట్టింది. విమల పాల సర్వ తెచ్చి కూర్చుంటే పాలిచ్చింది.

అదిగో, అక్కడ పడింది ముడి. అప్పటినుంచి చంద్రి విమలకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. విమల కూడా అదే అలవాటు చేసుకుంది. చేతులు పాలకు, నోరు పాఠానికి. పొద్దుపొడుపున కొట్టంలోంచి సుయ్ సుయ్‌మని పాల చప్పుడు, దాని మీదుగా, “కప్ప హృదయంలో గదులు మూడు. కుడి కర్ణిక, ఎడమ కర్ణిక, జఠరిక.” తడిక ఇవతల మంచంలో మామ దుప్పటి ముఖం మీదికి లాక్కొని, “పొద్దుపొద్దున్నే ఏం కప్పల మేళమే ఇది! మనిషిని పండనియ్యవా?” అని గొణిగేవాడు. గొణిగేవాడే గాని మంచం అక్కడినుంచి తీయలేదు.

విమలకు బతికున్న జీవమైతే చాలు. పక్కింటి చాంద్‌బీ చాచి కోడి కాలికి దారం చిక్కుకొని వాచిపోతే ఒళ్లో పెట్టుకొని బ్లేడుతో పోగు పోగు కోసి తీసింది. కాలేజీలో కోయడానికి తెమ్మంటే కప్పలను సంచిలో పట్టుకొచ్చి, రాత్రికి వాటికి ఊపిరాడదని నీళ్ల తొట్టి పక్కన వదిలింది. తెల్లారి అత్తమ్మ ముఖం కడుక్కోవడానికి చెంబు ముంచితే చెంబులోంచి కప్ప దుమికింది. అత్తమ్మ పెట్టిన కేకకు చాంద్‌బీ చాచి గోడమీదినుంచి, “క్యా హువా? దొంగలా?” అని తొంగిచూసింది. “దొంగలైతె నయముండె! నా బిడ్డ కాలేజి మొత్తం తెచ్చి నా చెంబుల పోసింది!” అంది అత్తమ్మ.

అవే కప్పలను కాలేజీలో కోయాల్సి వచ్చేసరికి విమల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పరీక్షకు బయటినుంచి వచ్చిన సారు, “గుండెలో గదులు చూపించు” అన్నాడట. ఈమె సూదితో ఒక్కో గదినీ తాకుతూ, అలవాటు చొప్పున, “లాభం, రెండు, మూడు” అంది. సారు కళ్లద్దాలు తీసి, “మొదటి గది పేరు ఏమన్నావమ్మా?” అన్నాడట. ఈమె నాలుక కరుచుకొని, “మా బాపు దడువాయి సార్” అంది. ఆయన నవ్వి పంపించాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మేమంతా పడి పడి నవ్వాం. మామ నవ్వలేదు, విననట్టు రుమాలు దులుపుకున్నాడు. మర్నాడు మార్కెట్‌లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడని తర్వాత హమాలీల నోట విన్నాం.

ఏ చదువు చదవాలో విమలకు చెప్పింది పశువుల దవాఖాన డాక్టరు. దుడ్డెకు జబ్బు చేసినప్పుడు తీసుకుపోతే, ఈమె ఆయనకు సాయం చేస్తూ, జంతువులతో పని చేయాలంటే జువాలజీ తీసుకోవాలా అని అడిగిందట. “జువాలజీ చదివితే జంతువు గురించి చెప్తావు. మా చదువు చదివితే జంతువును ముట్టుకుంటావు. నీకేది కావాలో చూసుకో” అన్నాడాయన. దుడ్డె బతకలేదు గాని ఆ మాట విమల మనసులో నాటుకుంది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేదాకా మామ దాన్ని ఆటగానే చూశాడు. పిలుపు వచ్చాక ఆట కాదని తెలిసింది. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు, సరే అనడానికి మనసు రాలేదు. “నువ్వు పోతె చంద్రి పాలెవలు పిండుతరు? ఇల్లెట్ల నడుస్తది? చంద్రి ఇంకొకలకు పాలిచ్చిన నాడు నువ్వు పో. గంతే” అని పందెం కట్టినట్టు చెప్పాడు. చంద్రి ఇవ్వదని ఆయన ధీమా. విమల ఆ మాటను పట్టుకుంది. పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

“వదినే, నువ్వే నేర్చుకోవాలె.”

“నాకేం పని లేదా? అది తన్నితె బొక్కలిరుగుతయి.”

“ఒక్కపారి వదినే. నీ పుణ్యముంటది.”

ఉపాయం చెప్పింది చాంద్‌బీ చాచి. “మా పుట్టింట్ల గిట్లనే ఒక బర్రె ఉండె. అమ్మీజాన్‌కు తప్ప ఇయ్యకపోవు. అమ్మీకి జరమొస్తె మా అబ్బా ఏం జేసిండు? అమ్మీ చీర సుట్టుకొని కూసున్నడు. ఇచ్చింది! జానవర్‌కు మొకంతోని పనేంది? వాసనుండాలె. ఫికర్ జెయ్యకు, విమల ఓణి కప్పుకొని కూసో.” అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, “మీ మామ మీసాలకు ఓణి మంచిగుంటది” అంది. మామ అటునుంచి ఒక్క చూపు చూశాడు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

విమల ఇచ్చిన చిలకపచ్చ ఓణి చూస్తే మురికి. పాల మరకలు, పేడ చుక్కలు, చెమట. అట్లాంటి గుడ్డ నేను ఒంటిమీద వేసుకునే మనిషిని కాదు. కుంకుడు రసంలో నానబెట్టి, బండకేసి బాది, గంజి పెట్టి ఆరేశాను. మర్నాడు గరగరలాడుతున్న ఓణి కప్పుకొని దర్జాగా కూర్చున్నాను. చంద్రి ఒకసారి మూతి తిప్పి వాసన చూసింది, తుమ్మింది, సర్వను తన్నింది. సర్వ గోలెం దాకా దొర్లుకుంటూ పోయింది. విమల తల పట్టుకొని, “వదినే! ఉతికినవా? వాసనంత బండ మీద పోసినవ్ గద!” అంది. పోస్తే పోశాను. మురికి గుడ్డను ఉతకడం ఏ కాలంలో తప్పయింది? ఇప్పటికీ నా మాట అదే.

ఓణి మళ్లీ మురికయ్యేదాకా విమల కప్పుకుంది. ఆ తర్వాత, ముక్కు మూసుకొని, నేను కప్పుకున్నాను. ఈసారి చంద్రి తన్నలేదు, కానీ చేపనూ లేదు. ఏదో తక్కువైనట్టు చెవులు ఆడించింది. “పాఠం వదినే, పాఠం సదువు” అని విమల తడిక చాటునుంచి అంది. నేనేం చదువుతాను? కర్ణిక, జఠరిక నా నోట తిరుగుతాయా? నాకు వచ్చింది మూడో తరగతిలో నేర్చిన ఎక్కాలు. మా పంతులు బెత్తం పట్టుకొని చెప్పించిన తీరుగానే గట్టిగా అందుకున్నాను. రెండో ఎక్కం అయ్యేసరికి నాలుగు ధారలు పడ్డాయి. మూడో ఎక్కానికి చంద్రి కాలు లేచింది. “నువ్వు సదువుతలేవు వదినే, బర్రెను బెదిరిస్తానవ్” అంది విమల, నవ్వాలో ఏడవాలో తెలియక. నిజమే కావచ్చు. నా గొంతుకు మనుషులే దగ్గరికి రారు, బర్రె ఏం వస్తుంది? ఆ తర్వాత రోజూ కూర్చున్నాను. నీళ్లు పట్టాను, మెడ గోకాను, జొన్నరొట్టె పెట్టాను. రొట్టె తినేది, పాలిచ్చేది కాదు. ఇట్లా కూర్చుంటూ లేస్తూ ఉండగానే ఇంటర్వ్యూ రేపటికి వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో పాలు ప్యాకెట్‌లో వస్తాయి. కత్తెరతో మూల కోస్తే చాలు, ఎవరి ఓణీ అక్కర్లేదు. ఖాళీ ప్యాకెట్లు కడిగి ఆరేస్తానని కొడుకు విసుక్కుంటాడు. ఆ పాలు ఏ బర్రెవో, ఆ బర్రెకు ఎవరంటే ఇష్టమో ఎవరికీ పట్టదు. శ్రావ్యను పెంచిన తీరు కూడా అంతే అనిపిస్తుంది. ఆమె ఎటు పోవాలన్నా అడ్డం లేదు, దారులు ఎక్కువై నిలబడిపోయింది. విమలకు ఉన్నది ఒక్కటే దారి, ఆ దారికి అడ్డంగా బర్రె నిలబడింది. ఎవరిది కష్టమని అడిగితే నేను చెప్పలేను. ఆ ఇంట్లో ఒక మనిషి కదలాలంటే అందరూ ఇంత జరగాల్సి వచ్చేది. బర్రెతో సహా.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం కూడా నేను చంద్రి దగ్గర కూర్చొని, తన్ను తిని, ఓణి విప్పి కొట్టం గుంజకు కొట్టిన మొలకు తగిలించి వచ్చాను. తర్వాత విమలే పోయి పిండుకొచ్చింది. అన్నాల దగ్గర మొదలైన తగాదా మొదట్లో రాశాను. “కూసొని తిను” అని మామ అన్నాక, విమల ఇంకా ఏదో అంటుందని మేమంతా చూశాం. మామ కూడా అట్లాగే చూశాడు. తర్వాతి మాటకు జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నట్టు ఆయన మీసం కదులుతూనే ఉంది.

విమల కంచం ముందర కూర్చుంది. అన్నం కలిపింది.

“సరే బాపూ. చంద్రి ఇయ్యలేదు. నువ్వన్న మాటే. బీఎస్సీనే చేస్త” అంది.

ఏడవలేదు, కంచం విసరలేదు. తినేసి, కంచం కడిగి పెట్టి, చంద్రికి గడ్డి వేయడానికి పోయింది.  వీధిలో మా ఆయన గాలి కొట్టడం ఆగిపోయింది. అత్తమ్మ, “ఇగ అయిపాయె గద. తిను” అని మామ కంచంలో ఇంకో గంటెడు వేసింది. మామ ఒక ముద్ద కలిపాడు. కలిపిన ముద్దను అట్లాగే పెట్టి చెయ్యి కడుక్కొని లేచాడు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచి మామ కంచంలో అన్నం మిగలడం చూడలేదు. ఇంత అన్నం. నాకు ప్రాణం ఉసూరుమంది. తీసుకుపోయి కుడితి గోలెంలో పోశాను. దడువాయి వదిలిన అన్నం అట్లా చంద్రి తిన్నది.

పొద్దున్నే పేడ తట్ట పట్టుకొని కొట్టం వైపు పోతుంటే పాల చప్పుడు వినిపించింది. నిండు ధార. విమల లేచిందనుకున్నాను. తడిక దగ్గరికి పోతే విమల అక్కడే ఉంది, ఇవతల. సగం జడ అల్లుకొని, మిగతా సగం చేతిలో పట్టుకొని నిలబడింది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టింది. లోపల చంద్రి పక్కన చిలకపచ్చ ఓణి తల మీదినుంచి కప్పుకొని ఒకరు గొంతుక్కూర్చున్నారు. ఓణి కింద తెల్లని ధోవతి, ధోవతి కింద పగిలిన మడమలు. చంద్రి కళ్లు సగం మూసి నెమరు వేస్తున్నది. మార్కెట్‌లో బస్తాలు తూచే రాగంలోనే, మెల్లగా, చివర సాగదీస్తూ పాఠం నడుస్తున్నది.

“కప్ప గుండెల గదులూ... లాభం... రెండూ... మూడూ... కుడి కర్ణికా... ఎడమ కర్ణికా... జఠరికా... కప్ప గుండెల గదులూ...”

ఒక్క మాట తప్పు పోలేదు. అత్తమ్మ నా వెనకనే వచ్చి నిలబడింది. చూసింది. గబుక్కున కొంగు నోట్లో కుక్కుకొని వెనక్కి తిరిగి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి పులిహోర తాలింపు వాసన వచ్చింది.

సర్వ నిండింది. మామ లేవకుండానే, ఇటు తిరగకుండానే, “ఏం సూస్తాన్లు తమాషా? బస్సు ఎన్ని గంటలకు?” అన్నాడు. విమల నా వైపు చూసింది. నేనే, “ఎండ ఎక్కక ముందే మామా” అన్నాను. “మరి జడ ఏస్కొమ్మను” అన్నాడు. నేను లోపలికి పోయి నా పెట్టెలో మడత విప్పని ఊదా రంగు చీర తీసి విమలకు ఇచ్చాను. జాగ్రత్తగా కట్టుకొమ్మని, బస్సు కిటికీకి రాయొద్దని, పులిహోర నూనె అంటనీయొద్దని చెప్పాను. మా ఆయన టోపీ పెట్టుకొని ఆమె వెంట బయల్దేరాడు. మామ బస్సు దాకా పోయాడు.

తిరిగొచ్చి కొట్టంలోకే పోయాడు. చంద్రికి గడ్డి వేశాడు. ఓణిని మడిచి, అదే మొలకు తగిలించాడు. నేను కుంకుడు కాయలు నలగ్గొడుతుంటే ఆగి నా వైపు చూశాడు.

“సత్తెమ్మా, దాన్ని ఉతుకకు” అన్నాడు.